భాగం 9: ఉప్పు ఎడారిలో నగరం – ధోలవీర క్షేత్ర పర్యటనకు ఒక ప్రణాళిక

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఎప్పుడు వెళ్ళాలి?
9.3 ఏ దారిన వెళ్ళాలి?
9.4 ఎన్ని నీళ్ళు తీసుకువెళ్ళాలి?
9.5 గుడారం ఎక్కడ వేసుకోవాలి?
9.6 ఏమి చూడాలి? ఏమి ముట్టుకోకూడదు?
9.7 నగరం ఎందుకు క్షీణించింది?
9.8 సారాంశం
9.9 మీ అవగాహనను పరీక్షించుకోండి

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరవాత మీరు:
• ధోలవీర నగరం ఉన్న చోటు, దాని కాలం, నిర్మాణ లక్షణాలను వివరించగలుగుతారు.
• ఆ నగర ప్రజలు వాన నీటిని ఎలా పట్టి నిలవ చేసుకొన్నారో చెప్పగలుగుతారు.
• ఒక పురావస్తు స్థలానికి క్షేత్ర పర్యటనను సొంతంగా ఏర్పాటు చేసుకోగలుగుతారు.
• శిథిలాల నుంచి ఏమి గ్రహించవచ్చో, ఏమి గ్రహించలేమో వేరు చేసి చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

కార్తీక మాసం రాగానే వనభోజనాలకు బయలుదేరడం మనకు అలవాటే. ఉసిరి చెట్టు నీడ చూసుకొంటాం, దగ్గరలో నీళ్ళున్నాయా అని విచారిస్తాం, ఎంతమందికి ఎసరు పెట్టాలో లెక్క వేస్తాం. ఈ భాగంలో మీచేత అలాంటి ప్రయాణానికే ఏర్పాట్లు చేయించబోతున్నాను. అయితే మనం వెళ్ళేచోట ఉసిరి చెట్టు ఉండదు. కనుచూపు మేర తెల్లని ఉప్పు నేల ఉంటుంది. దాని మధ్య సుమారు ఐదువేల ఏళ్ళ కిందట మొదలైన ఒక నగరం శిథిలాలుంటాయి.

ఆ నగరం పేరు మీకు కొత్త కాదు. హరప్పా నాగరికత పాఠంలో ధోలవీర గురించి ఒక వాక్యం చదివే ఉంటారు. పరీక్షలో 'నీటి యాజమాన్యానికి ప్రసిద్ధి చెందిన హరప్పా నగరం ఏది?' అని అడిగితే జవాబు రాసి ఒక మార్కు తెచ్చుకొనే ఉంటారు. నేనూ చాలా ఏళ్ళు ఆ వాక్యాన్ని అలాగే బోధించాను.

ఒక ఆదివారం అధ్యయన కేంద్రంలో తరగతి జరుగుతున్నప్పుడు, పగలు బస్సు కండక్టరుగా పనిచేస్తూ చదువుకొంటున్న ఒక విద్యార్థి లేచి, "సార్, నీళ్ళు లేని ఎడారిలో నగరం ఎందుకు కట్టుకొన్నారు?" అని అడిగాడు. "శత్రువుల నుంచి రక్షణ కోసం కావచ్చు" అన్నాను. అది ఆధారం లేని జవాబని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అతడు తలూపి రాసుకొన్నాడు. ఆ తలూపడం నన్ను చాలా కాలం బాధపెట్టింది. పదవీ విరమణ తరవాత నా పాత విద్యార్థులు ఏడుగురితో కలిసి ఒక కార్తీక మాసంలో ధోలవీర వెళ్ళాను. అక్కడికి వెళ్ళిన తరవాతగాని నా జవాబే కాదు, ఆ ప్రశ్న కూడా కొంత సరిదిద్దుకోవలసినదేనని తెలియలేదు. ఈ భాగం ఆ దిద్దుబాటే అనుకోండి.

9.2 ఎప్పుడు వెళ్ళాలి?

ధోలవీర గుజరాత్ రాష్ట్రంలోని కచ్ జిల్లాలో ఉంది. కచ్‌కు ఉత్తరాన పెద్ద రణ్ అనే విశాలమైన ఉప్పు మైదానం పరుచుకొని ఉంటుంది. దాని మధ్య కొంచెం ఎత్తుగా ఉన్న భూభాగాలను అక్కడివారు 'బెట్' అంటారు. గోదావరి పాయల మధ్య మనకున్న లంకల వంటివే ఇవి. ధోలవీర ఉన్న బెట్ పేరు ఖదీర్.

రణ్ ఏడాది పొడుగునా ఒకే రీతిగా ఉండదు. నైరుతి ఋతుపవనాల కాలంలో గాలి తోసుకొచ్చే సముద్రపు నీరు, వాగుల నుంచి వచ్చే వాననీరు కలిసి మైదానాన్ని ముంచుతాయి. అప్పుడు ఖదీర్ నిజంగానే ద్వీపమవుతుంది. వానలు వెనుదిరిగాక నీరు మెల్లగా ఆవిరై ఉప్పు పేరుకొంటుంది. ఆశ్వయుజంలో వెళితే ఎండ ఇంకా తీవ్రంగా ఉంటుంది, రణ్‌లో నీరు మిగిలి ఉంటుంది. కార్తీకం నడుమకు ఎండ తగ్గుతుంది, ఉప్పు తెల్లబడుతుంది, రాత్రులు చల్లబడతాయి. అందువల్ల నవంబరు రెండో పక్షం మన ప్రయాణానికి అనుకూలమైన కాలం. పౌర్ణమి దగ్గరగా ఉంటే మరీ మంచిది.

ఋతువును బట్టి తేదీ నిర్ణయించుకొంటున్నప్పుడే మీరు ఒక చారిత్రక విషయాన్ని గ్రహిస్తున్నారు. ఈనాటికీ ఏడాదిలో కొన్ని నెలలు నీరు చుట్టుముట్టే ఈ నేల, హరప్పా కాలంలో లోతు తక్కువ సముద్రపు నీరు నిలిచి, పడవలు తిరగడానికి వీలైన ప్రాంతమని పరిశోధకులు భావిస్తున్నారు. అంటే ధోలవీర నిర్మాతలు వెళ్ళి ఉప్పు ఎడారి నడుమ స్థిరపడలేదు. వారు ఎంచుకొన్నది ఒక ద్వీపం. అక్కడి నుంచి సముద్రం మీదుగా ఇప్పటి ఒమన్ ప్రాంతానికి, మెసపొటేమియాకు సంబంధాలుండేవి. ఎర్రని కార్నీలియన్ పూసలు, శంఖం గాజులు, రాగి వస్తువులు తయారుచేసే నగరానికి అంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం.

నేలలు ఇంతగా మారతాయా అని మీకు సందేహం రావచ్చు. 1819 జూన్‌లో కచ్‌లో వచ్చిన భూకంపానికి సింద్రీ అనే కోట ఉన్న నేల కుంగి నీటిపాలైంది. దానికి ఉత్తరాన నేల గట్టులా పైకి లేచి సింధు నది పాయ ఒకదానికి అడ్డుపడింది. జనం దాన్ని 'అల్లా బంద్', అంటే దేవుడు కట్టిన ఆనకట్ట, అని పిలిచారు. ఒక్కరోజులో ఇంత మార్పు రాగలిగితే, నాలుగైదు వేల ఏళ్ళలో ఎంత మార్పు వచ్చి ఉంటుందో ఊహించండి. ఈనాటి పటాన్ని ఆనాటి చరిత్ర మీద పరిచి చూడకూడదన్నది మీరు గుర్తుంచుకోవలసిన మొదటి సూత్రం.

9.3 ఏ దారిన వెళ్ళాలి?

మన ప్రాంతం నుంచి అహ్మదాబాద్ వరకు రైలులో వెళ్ళి, అక్కడ జీపు అద్దెకు తీసుకోవడం సులువు. ఎనిమిదిమందికి ఐదు రోజుల ప్రణాళిక ఇలా ఉండవచ్చు:

మొదటి రోజు: అహ్మదాబాద్ నుంచి సుమారు 80 కి.మీ. దూరంలోని లోథాల్. ఎస్.ఆర్. రావు నాయకత్వంలో 1955లో ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. ఇక్కడి పెద్ద ఇటుక తొట్టి ఓడలు నిలిపే చోటు అని ఆయన అన్నారు. అది మంచినీటి చెరువై ఉండవచ్చని వాదించినవారూ ఉన్నారు. ఇద్దరి వాదాలనూ మనసులో పెట్టుకొని చూడండి. తిరిగి అహ్మదాబాద్‌లో బస.

రెండో రోజు: చిన్న రణ్ అంచు వెంట సామఖియాలీ, అక్కడి నుంచి రాపర్ మీదుగా ఖదీర్. దాదాపు 350 కి.మీ. ప్రయాణం కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరాలి. రాపర్‌లోనే పెట్రోలు, కూరగాయలు, నీళ్ళు నింపుకోవాలి.

మూడో రోజు: ఉదయం నుంచి సాయంత్రం వరకు ధోలవీర శిథిలాలు, పక్కనే ఉన్న మ్యూజియం.

నాలుగో రోజు: ఉదయం నగరానికి రెండు పక్కల ఉన్న వాగులు. మధ్యాహ్నం బెట్ అంచున రాయిగా మారిన జురాసిక్ కాలపు చెట్ల మొదళ్ళు.

ఐదో రోజు: రణ్ మధ్యగా వేసిన కొత్త రోడ్డు మీదుగా ఖావ్‌డా, అక్కడి నుంచి భుజ్. భుజ్‌లోని కచ్ మ్యూజియం 1877లో స్థాపించినది. గుజరాత్‌లో అన్నిటికన్నా పాతది. తిరుగు రైలు అక్కడే ఎక్కవచ్చు.

ఇది సరిహద్దు జిల్లా కాబట్టి ప్రతి ఒక్కరూ గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. ధోర్డో దగ్గర తెల్ల రణ్ కూడా చూడదలిస్తే ప్రభుత్వ అనుమతి పత్రం తీసుకోవాలి. రణ్ ఉపరితలం గట్టిగా కనిపిస్తుంది గాని, ఉప్పు పొర కింద బురద ఉంటుంది. రోడ్డు దిగి జీపును ఉప్పు మీదికి పోనివ్వకండి.

9.4 ఎన్ని నీళ్ళు తీసుకువెళ్ళాలి?

ప్రణాళికలో మేము తప్పుచేసింది ఇక్కడే. చలికాలం వస్తోంది కదా అని మనిషికి రోజుకు 2 లీటర్ల లెక్కన ఎనిమిదిమందికి మూడు రోజులకు 48 లీటర్లు తీసుకెళ్ళాం. వంట, గిన్నెలు, చేతులు కడుక్కోవడం లెక్కలోకి రాలేదు. ఉప్పు గాలికి దాహం ఎంత పెరుగుతుందో తెలియలేదు. మర్నాడు మధ్యాహ్నానికి క్యాన్లు ఖాళీ అయ్యాయి. దగ్గరి ఊళ్ళో ఒక ఇంటి ముందు నిలబడి సైగలతో అడిగాం. ఆ ఇల్లాలు ట్యాంకరు నుంచి పట్టుకొన్న నీళ్ళలో రెండు బిందెలు మాకు పోసింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డంపెట్టింది. ఆ బిందెల వంక చూస్తూ మేమెవరమూ కొంతసేపు మాట్లాడలేకపోయాం. మీరు మనిషికి రోజుకు కనీసం 5 లీటర్లు లెక్క వేసుకోండి. ఎనిమిదిమందికి మూడు రోజులకు 120 లీటర్లు అవుతుంది.

ఇప్పుడు ఇదే లెక్కను నగరానికి వేయండి. ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున 260 మి.మీ. వాన మాత్రమే పడుతుంది. అదీ కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది. కొన్ని ఏళ్ళలో అసలు పడదు. జీవనది లేదు. చుట్టూ ఉన్న నీరు ఉప్పు. నగరానికి ఉత్తరాన మన్సర్, దక్షిణాన మన్‌హర్ అనే రెండు వాగులున్నాయి. వానపడినప్పుడు మాత్రమే అవి పారతాయి. ధోలవీర ప్రజలు ఈ వాగులకు అడ్డంగా రాతి కట్టలు వేసి, నీటిని మళ్ళించి, నగర ప్రాకారం లోపల వరసగా ఏర్పాటుచేసిన జలాశయాల్లోకి పంపారు. నగర స్థలంలో ఎత్తుపల్లాల మధ్య తేడా సుమారు 13 మీటర్లు. ఒక జలాశయం నిండితే నీరు దాని కింది జలాశయంలోకి దిగేటట్లు ఈ వాలును వాడుకొన్నారు. మన గొలుసుకట్టు చెరువుల సూత్రమూ ఇదే. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది.

కోటకు తూర్పున ఉన్న జలాశయం సుమారు 73 మీ. పొడవు, 29 మీ. వెడల్పు, 10 మీ. లోతు ఉంది. లోపలికి దిగడానికి మెట్లున్నాయి. ఈ మూడు కొలతలను గుణిస్తే 21,170 ఘనపు మీటర్లు, అంటే రెండు కోట్ల లీటర్లకు పైమాట. ఇది గరిష్ఠ అంచనా మాత్రమే. ఒక హెక్టారు నేల మీద 260 మి.మీ. వాన పడితే వచ్చేది 26 లక్షల లీటర్లు. ఒక్క చుక్క పోకుండా పట్టగలిగినా ఈ జలాశయం నిండడానికి 8 హెక్టార్లకు పైగా పరీవాహక ప్రాంతం కావాలి. మూడోవంతు నీరే చేతికందితే 24 హెక్టార్లు కావాలి. వాగులకు కట్టలు ఎందుకు కట్టారో ఈ లెక్క చెబుతుంది. నగరంలో పడ్డ వాన ఒక్కటే చాలదు. ఎగువ నేలల మీద పడ్డ వానను కూడా పిలిచి లోపలికి తెచ్చుకోవాలి.

కోటలో వాన నీరు పోవడానికి ప్రత్యేకమైన రాతి కాలువలు కట్టారు. కొన్ని చోట్ల అవి మనిషి దిగి నడవగలిగినంత పెద్దవి. కోటలోని రాతి బావి ఒరను దగ్గరగా చూడండి. చేంతాడు ఒరిపిడికి రాయి మీద గాడులు పడ్డాయి. ఎన్ని తరాల చేతులు ఆ తాడు లాగితే రాయి అంతగా అరిగి ఉంటుంది! ఆ చేతులు ఎవరివో ఏ శాసనమూ చెప్పదు. అయినా చరిత్రకారుడికి ఆ గాడి కూడా ఒక పత్రమే.

9.5 గుడారం ఎక్కడ వేసుకోవాలి?

శిథిలాల మధ్య గుడారం వేయడానికి అనుమతి లేదు. 1958 నాటి పురాతన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టం, దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఊరివాళ్ళను అడిగి, వాళ్ళు చూపిన చోట వేసుకోవడం మర్యాద, క్షేమం కూడా.

చోటు ఎంచుకొనేటప్పుడు మూడు విషయాలు చూడండి. వాగు గర్భం ఎండి ఉన్నా అందులో వేయకూడదు. గాలికి అడ్డు ఉండాలి. ఉప్పు నేలకు కాస్త ఎత్తులో ఉండాలి. ఆ తరవాత వెనక్కి తిరిగి నగరాన్ని చూడండి. అది రెండు వాగుల నడుమ ఉంది గాని వాగులో లేదు. ఉప్పు నీటికి ఎత్తులో ఉంది. నాలుగు వైపులా మందమైన గోడలున్నాయి. మీరు ఒక్క రాత్రికి వేసుకొన్న లెక్కనే వారు పదిహేను వందల ఏళ్ళకు వేశారు.

వంటకు అక్కడి కంపను నరకకండి. చిన్న గ్యాస్ పొయ్యి తీసుకువెళ్ళండి. ఉదయం బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్ళుంటాయి. తెచ్చిన చెత్త అంతా తిరిగి మీతోనే రావాలి.

బన్నీ గడ్డి మైదానంలోని పశువుల కాపరులు తవ్వే 'విర్‌దా' అనే నిస్సారమైన బావుల గురించి తెలుసుకోండి. వాన నీరు ఉప్పు నీటికన్నా తేలిక కాబట్టి నేలలో దాని మీద పొరగా నిలుస్తుంది. కాపరులు ఆ తీపి పొర వరకే తవ్వి నీరు తోడుకొంటారు. ఈ జ్ఞానం ధోలవీర నుంచి నేరుగా వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. కాని ఈ నేల మీద బతకాలంటే ఇలాంటి జ్ఞానం ఏ కాలంలోనైనా అవసరమేనని అది తెలుపుతుంది.

9.6 ఏమి చూడాలి? ఏమి ముట్టుకోకూడదు?

స్థానికులకు ముందునుంచీ 'కోటడా'గా తెలిసిన ఈ దిబ్బను 1967-68లో భారత పురావస్తు శాఖకు చెందిన జె.పి. జోషి గుర్తించారు. ఆర్.ఎస్. బిష్ట్ నాయకత్వంలో 1990 నుంచి 2005 వరకు తవ్వకాలు జరిగాయి. సుమారు క్రీ.పూ. 3000 నుంచి క్రీ.పూ. 1500 వరకు ఏడు దశలను తవ్వకాలు వెల్లడించాయి.

బయటి ప్రాకారం పొడవు సుమారు 771 మీ., వెడల్పు 617 మీ. భాగించి చూడండి, 5:4 నిష్పత్తి వస్తుంది. యాదృచ్ఛికంగా పెరిగిన ఊరుకు ఇంత కచ్చితమైన కొలత కుదరదు. లోపల కోట, మధ్య పట్టణం, దిగువ పట్టణం అని మూడు భాగాలున్నాయి. మొహెంజొదారోలో కాల్చిన ఇటుక ప్రధానమైతే, ఇక్కడ రాయి ప్రధానం. కోటకూ మధ్య పట్టణానికీ నడుమ పెద్ద మైదానం ఉంది. ఉత్తర ద్వారం దగ్గరి గదిలో పది పెద్ద గుర్తులున్న ఫలకం దొరికింది. గుర్తులు జిప్సం ముక్కలతో పొదిగినవి. హరప్పా లిపిని ఇంకా ఎవరూ నిర్ధారణగా చదవలేదు కాబట్టి, అది నగరం పేరని ఎవరైనా చెబితే అది ఊహ అని మీ నోటు పుస్తకంలో రాసుకోండి. నగరానికి పడమర శ్మశానం ఉంది. అక్కడి అర్ధగోళాకారపు సమాధి దిబ్బలనూ చూడండి.

కాలి కింద కుండ పెంకులు చాలా కనిపిస్తాయి. ఒక్కటి జేబులో వేసుకొంటే ఏమవుతుంది అనిపిస్తుంది. పెంకు ఉన్న చోటు, దాని పొర, దాని పక్కన ఉన్న వస్తువు, ఇవన్నీ కలిస్తేనే అది సాక్ష్యం. మీ ఇంటి అలమరలో అది ఉత్త పెంకు. గోడల మీద ఎక్కి ఫొటోలు దిగడం కూడా అలాంటి నష్టమే. ఐదువేల ఏళ్ళు నిలిచిన రాయి మన పాదాలకు కదలకూడదు.

మన నేలతో ఈ స్థలానికి ఒక బంధుత్వం ఉంది. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో రామప్ప గుడి చేరింది. రెండు రోజుల తరవాత, జూలై 27న, ధోలవీర చేరింది. అవి దేశానికి 39వ, 40వ స్థలాలు. 1213 నాటి శాసనం ఉన్న రామప్ప గుడి పక్కనే కాకతీయుల నాటి రామప్ప చెరువు ఉంది. మూడువేల ఏళ్ళ ఎడంలో రెండు సమాజాలు వాన నీటిని నిలుపుకొనే నేర్పు చూపాయి. ఇక నాగార్జునకొండ కథ దీనికి తలకిందులు. అక్కడ 1954-60 మధ్య తవ్వి తీసిన లోయను జలాశయం ముంచేసింది. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, ఒడ్డు మీదికి తరలించారు. ఒకచోట నీరు వచ్చి శిథిలాలను కప్పింది. ఒకచోట నీరు వెనక్కిపోయి నగరం ఎండిపోయింది.

9.7 నగరం ఎందుకు క్షీణించింది?

సుమారు 4,200 ఏళ్ళ కిందట ప్రపంచంలో చాలా చోట్ల ఋతుపవనాలు బలహీనపడి, కరవు వచ్చిన ఆనవాళ్ళున్నాయి. మేఘాలయలోని మామ్‌లూహ్ గుహలో దొరికిన ఆధారాన్నిబట్టి భూగర్భ శాస్త్రవేత్తలు 2018లో ఆనాటి నుంచి మొదలయ్యే కాలానికి 'మేఘాలయన్' అని పేరు పెట్టారు. ధోలవీర వైభవం తగ్గడం ఆ తరవాతి శతాబ్దాల్లో జరిగింది. కరవు ఒక కారణం కావచ్చు. చుట్టూ ఉన్న నీరు పూడిపోయి పడవల దారులు మూసుకొనిపోవడం, మెసపొటేమియా వైపు వ్యాపారం తగ్గడం, భూకంపాలు కూడా కారణాలు కావచ్చు. గోడలు భూకంపాలకు దెబ్బతిని మరమ్మతులైన ఆనవాళ్ళున్నాయి. పరీక్షలో ఒకే కారణం రాసి వదిలేయకండి.

చివరి దశలో నగర ప్రణాళిక మరచిపోయిన కొద్దిమంది ఇక్కడ గుండ్రని ఇళ్ళు కట్టుకొని ఉన్నారు. ఈనాడు కచ్ గ్రామాల్లో కనిపించే 'భూంగా' ఇళ్ళూ గుండ్రనివే. 2001 జనవరి 26 భూకంపంలో అవి చాలావరకు నిలిచాయి. ఈ రెంటికీ నేరుగా సంబంధం అంటగట్టడం తొందరపాటు. కాని నగరం క్షీణించడం, మనుషులు అంతరించడం ఒకటి కాదని మాత్రం ఆ చివరి దశ చెబుతుంది.

జలాశయం ఒకసారి తవ్వితే సరిపోదు. ఏటా పూడిక తీయాలి, కట్ట తెగితే పూడ్చాలి, నీటిని పంచుకోవాలి. ఆ పనులు ఎవరు చేశారు, ఎవరు చేయించారు, నీళ్ళు అందరికీ సమానంగా అందాయా అన్నవి శిథిలాలు చెప్పని విషయాలు. అయితే నగరం వెయ్యేళ్ళకు పైగా నిలిచిందంటే, అన్ని తరాలపాటు ఆ పని ఆగలేదన్న మాట మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

ఆ విద్యార్థి ఇప్పుడు మళ్ళీ అడిగితే ఇలా జవాబు చెబుతాను: "వాళ్ళు నగరం కట్టినప్పుడు అది ఉప్పు ఎడారి కాదు బాబూ, నీళ్ళ నడుమ రేవు. తాగే నీళ్ళు మాత్రం అప్పుడూ తక్కువే. ఎందుకు కట్టారన్న దానికన్నా, అన్నాళ్ళు ఎలా నిలుపుకొన్నారన్నది పెద్ద ప్రశ్న." అతడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. అందుకే ఈ జవాబు మీకు చెబుతున్నాను.

9.8 సారాంశం

ధోలవీర కచ్‌లోని ఖదీర్ బెట్ మీద ఉన్న హరప్పా నగరం. క్రీ.పూ. 3000 - 1500 మధ్య ఏడు దశల్లో ఇక్కడ జనం నివసించారు. దాని చుట్టూ ఉన్న రణ్ ఆనాడు ఈనాటిలా ఎండిన మైదానం కాదు. కొద్దిపాటి వానను రెండు వాగుల నుంచి మళ్ళించి జలాశయాల్లో నిలవచేసి నగరం బతికింది. దాని క్షీణతకు కరవు, భూభౌతిక మార్పులు, వ్యాపారం తగ్గడం కలిసి కారణమై ఉండవచ్చు. క్షేత్ర పర్యటనకు కాలం, దారి, నీళ్ళు, బస ఏర్పాటుచేసుకోవడంలోనే ఆనాటి ప్రజలు ఎదుర్కొన్న ప్రశ్నలు మనకూ ఎదురవుతాయి. పయనం కుదరనివారు నిరాశపడనవసరం లేదు. మీ ఊరి చెరువు కట్ట మీద నిలబడి ఇవే ప్రశ్నలు వేసుకోవచ్చు.

9.9 మీ అవగాహనను పరీక్షించుకోండి

I. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. రణ్ ఋతువులనుబట్టి ఎలా మారుతుంది?
2. మన్సర్, మన్‌హర్ వాగులను ధోలవీర ప్రజలు ఎలా ఉపయోగించుకొన్నారు?
3. పురావస్తు స్థలం నుంచి కుండ పెంకును ఎందుకు తీసుకురాకూడదు?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ధోలవీర నగర నిర్మాణాన్ని, నీటి వ్యవస్థను వివరించండి.
2. ధోలవీర క్షీణతకు చెప్పే కారణాలను పరిశీలించండి.

III. అభ్యాసం
మీ ఊరి చెరువు పొడవు, వెడల్పు, లోతు అంచనా వేసి అందులో ఎన్ని లీటర్లు పడతాయో లెక్కకట్టండి. కట్ట ఎవరి కాలంలో వేశారో, పూడిక చివరిసారి ఎప్పుడు తీశారో ఊరి పెద్దలను అడిగి ఒక పేజీకి మించకుండా రాయండి.